కేక వేసే చోటు

నేవీ సెలక్షన్ బోర్డు నుంచి తిరిగొచ్చాక ఆ వేసవిలో మా కంచరపాలెం వీధిలో నన్ను ఓదార్చని మనిషి లేడు. ఓడిపోయిన బాధ రెండు రోజుల్లో తగ్గింది గానీ ఈ ఓదార్పులకి మాత్రం ఒళ్ళు మండిపోయేది. "పోన్లేమ్మా, ఆడపిల్లవి, అంత దూరం ఎల్లొచ్చినావు, అదే గొప్ప" అని కుళాయి దగ్గర నిండిన బిందె దించి మరీ చెప్పేవారు. అంత దూరం వెళ్ళి రావడమే గొప్పయితే ఆ రైలు నడిపినాయనకి చెప్పండి ఈ మాట, సంతోషిస్తాడు. ఇలా అనాలని నోటిదాకా వచ్చేది. అనేదాన్ని కాదు. బిందె ఎత్తి వాళ్ళ గుమ్మం దాకా మోసిపెట్టి వచ్చేదాన్ని. అప్పట్లో నా రోగం అదే.

నేవీ ఆఫీసరు ఉద్యోగానికి రాత పరీక్ష పాసైతే సరిపోదు. ఐదు రోజులు ఒక చోట ఉంచి మనిషిని అన్ని వైపుల నుంచీ చూస్తారు. మసక బొమ్మ చూపించి కథ రాయమంటారు. తెర మీద మాటలు మెరిపించి, మనసుకి తోచింది రాయమంటారు. ఒక పెద్దాయన ఎదురుగా కూర్చుని ఇంటి సంగతులన్నీ అడుగుతాడు. మైదానంలో చెక్క పలకలూ తాళ్ళూ డ్రమ్ములూ ఇచ్చి, గుంపుగా అడ్డంకులు దాటమంటారు. ఆఖరి రోజు ఎంపికైనవాళ్ళ ఛాతీ మీది నంబర్లు చదువుతారు. మిగతావాళ్ళు సామాన్లు సర్దుకుని స్టేషనుకి పోయే బస్సెక్కాలి. నేను బస్సెక్కాను.

బస్సులో నా పక్కన డెహ్రాడూన్ అమ్మాయి కూర్చుంది. మైదానంలో ఇద్దరిదీ ఒకే గుంపు. తనకీ రాలేదు. ఏడ్చి ఏడ్చి తేరుకున్నాక నా చెయ్యి పట్టుకుని హిందీలో అంది. "నువ్వు మా గుంపులో ఉండటం మా అదృష్టం. పలకలన్నీ నువ్వే మోశావు. మాకు చేతులు కూడా నొప్పి పుట్టలేదు." పాపం, మెచ్చుకోలుగానే అంది. స్టేషన్ వచ్చేదాకా ఆ మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

నిజమే చెప్పింది మరి. అక్కడ అందరూ ఇలా చేద్దాం, కాదు అలా చేద్దాం అని వాదించుకుంటుంటే, మాటలతో పనెందుకని నేనే వంగి పలక ఎత్తేశాను. ముడి నేనే వేశాను, డ్రమ్మూ నేనే దొర్లించాను. ఎవరికీ ఇది పట్టుకో అని చెప్పలేదు. మా ఇంట్లో ఒకరికి పని చెప్పడమంటే మనకి ఒళ్ళు వంగదని ఒప్పుకోవడమే. మా అమ్మ ధనలక్ష్మి వచ్చినవాళ్ళందరికీ నా గురించి చెప్పే గొప్ప ఒక్కటే. "మా హేమశ్రీ నోరెత్తదు, పనాపదు." చిన్నప్పటి నుంచీ ఆ మాటకి పొంగిపోతూ పెరిగాను. ఆ పొంగుతోనే మైదానంలోకి దిగి, నలుగురిని నడిపించగలదా అని చూడ్డానికి వచ్చిన ఆఫీసర్ల ముందు కూలిపని చేసి చూపించి వచ్చాను.

తమాషా ఏమిటంటే, నేనా ఉద్యోగం కోరుకున్నదే నా మాట పదిమంది వినాలని. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, పొగరంటారని. యూనిఫాం మీద మోజని చెప్పుకున్నాను. ఇంకో విడత రాత పరీక్ష అప్పటికే పాసై ఉన్నాను కాబట్టి జూన్ నెలాఖరుకి మళ్ళీ పిలుపు ఉంది. ఆ తర్వాత వయసు దాటిపోతుంది. ఇంకొక్కసారి, అంతే.

మా నాన్న నీలకంఠం ఖలాసీ గ్యాంగుకి మేస్త్రి. ఆటోనగర్‌లో కొత్త మిషన్లు వస్తే షెడ్లలోకి చేర్చడం వాళ్ళ పని. క్రేన్లు దూరని సందుల్లో తాళ్ళూ గునపాలూ, అడుగున దొర్లడానికి ఇనప పైపు ముక్కలూ, ఆరేడుగురు మనుషులూ ఉంటే చాలు, టన్నుల బరువు నడుచుకుంటూ లోపలికి పోతుంది. ఒకడు కేక వేస్తాడు. మిగతావాళ్ళు ఆ కేకకి లాగుతారు, ఆ కేకకే ఆగుతారు. మిషన్ చుట్టూ తాళ్ళు పరిచి ఉన్నంత మేరా వాళ్ళ రాజ్యం. మధ్యాహ్నం అన్నం తెచ్చే ఆడవాళ్ళు తాడుకి ఇవతలే నిలబడి పిలవాలి. ఎవరో ఒకరు వచ్చి క్యారేజీ అందుకుంటారు.

ఏప్రిల్‌లో అమ్మ ఆనందపురంలో పెళ్ళికి వెళ్ళిన రోజు క్యారేజీ నేను తీసుకెళ్ళాను. ఆ రోజు కేక వేస్తున్నది మా మేనమామ కొడుకు సింహాద్రి బావ. లేతు మిషన్ సగం దూరం పోయి ఆగిపోయింది. పైపు ఎక్కడో ఇరుక్కుంది. బావ రెండుసార్లు కేక వేసి చూసి, లాభం లేదని తనే వంగి భుజం ఆన్చాడు. అంతే, గునపం పట్టుకున్న మా నాన్న అంతెత్తున లేచాడు.

"ఒరే సింహాద్రీ! కేకేసినోడివి సెయ్యెందుకెట్టినావు రా?"

"ఇరుక్కుపోనాది కద మావా, ఓ సెయ్యేద్దారని..."

"సెయ్యేసీవోళ్ళం ఇంతమందిమున్నాం. నువ్వూ వొంగితే సూసేవోడెవుడు? అటేపు తాడు జారితే సెప్పీవోడెవుడు? నీ పని నోటితో, కళ్ళతో. సెయ్యి ఎనక్కెట్టుకో!"

నేను తాడుకి ఇవతల క్యారేజీతో అలాగే నిలబడిపోయాను. ఆ మాట నాకు కొత్తదేమీ కాదు. కేక వేసేవాడు బరువు ముట్టకూడదని మా నాన్న అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో. గ్యాంగు సంగతి మనకెందుకని చెవిన పెట్టలేదు. తిట్లు పడ్డది బావకే గానీ తగిలింది నాకు. పులుసు చల్లారిపోతోందని నాన్న అరిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ సాయంత్రం నాన్న భోజనానికి కూర్చున్నప్పుడు అడిగేశాను.

"నాన్నా, జూన్ దాకా మీ గ్యాంగులో నాను కేకేత్తాను."

నాన్న కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "ఏటి?"

"కేక. సింహాద్రి బావ వేసినట్టు."

"పరీచ్చకి ఎల్లు. పదిసార్లు ఎల్లు. ఎవులేటన్నా నాను సూసుకుంటాను. తాడు కాడికి మాత్రం రాకు."

"ఎందుకు రాకూడదు?"

"ఆడోళ్ళు తాడు దాటకూడదు."

"దాటితే ఏటవుద్ది? తెగిపోద్దా?"

"తాడుకేటీ అవదు" అన్నాడు నాన్న నెమ్మదిగా. "మా వోళ్ళ మనసులో అనుమానం పడతాది. అనుమానం పడ్డ సెయ్యి జారతాది. అప్పుడు కిందున్నోడి కాలు పోద్ది. ఆ కాలు నువ్విత్తావా?"

ఉత్త మూఢనమ్మకమైతే తీసిపారేసేదాన్ని. సగం సరైన మాట చెప్పి కూర్చున్నాడు. దాంతో నాకు ఇంకా కోపం వచ్చింది.

"అనుమానం ఆళ్ళదయితే నానెందుకు మానుకోవాల?"

"అన్నం తిను" అన్నాడు. మా ఇంట్లో ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదు.

సరే, గ్యాంగు లేకపోతే ఇల్లుంది కదా అనుకున్నాను. మర్నాటి నుంచి ఇంట్లో ఏ పనికీ చెయ్యి పెట్టనని, నోటితో మాత్రమే చేయిస్తానని చెప్పేశాను. అమ్మ ఆనందపురం నుంచి వచ్చేసరికి నేను గడపలో కూర్చుని ఉన్నాను, ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. దీనికేమైనా గాలి సోకిందా అన్నట్టు చూసింది. నాలుగిళ్ళ అవతల ఉండే సూర్యకాంతమ్మ అత్త అయితే, ఫెయిలయ్యాక పిల్లకి పొగరెక్కిందని వీధంతా చెప్పింది. పాసయ్యాక ఎక్కాల్సింది కాస్త ముందే ఎక్కింది, నష్టమేముంది?

మొదట్లో నా మాట కుక్క కూడా వినలేదు. బతిమాలుతున్నట్టు ఉండేది నా గొంతు. "కాస్త ఆ గిన్నె తీస్తావా అమ్మా" అంటే అమ్మ "నీ సేతులకేటయింది" అనేది. ఒకరోజు నాన్న పనికి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నాడు. నేను ఆయన గ్యాంగు గొంతునే అరువు తెచ్చుకుని గట్టిగా అన్నాను. "అమ్మా, నువ్వు పక్కకి జరుగు. నాన్నా, ఎడమేపు బిందె. ఎత్తు! గట్టు మీద. దించు!"

నాన్న ఎత్తాడు. గట్టు మీద దించాడు. దించాక గానీ తనేం చేశాడో తెలీలేదు ఆయనకి. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని కింద కూర్చుండిపోయింది. "పెళ్ళయిన కాణ్ణుంచీ మొత్తుకుంటన్నాను, ఒక్కనాడు బిందె ముట్టలేదీ మనిషి!" అని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాన్న విసురుగా వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ రోజంతా పండగే. నాన్న కదిలింది నా గొంతులోని గట్టితనానికి కాదని, ఏది, ఎక్కడికి అన్నది తేల్చి చెప్పినందుకని అర్థమైంది.

క్యారేజీ మోసే పని మాత్రం అమ్మ దగ్గర అడిగి నేనే పుచ్చుకున్నాను. రోజూ తీసుకెళ్ళి, తాడుకి ఇవతల నిలబడి, వాళ్ళు తినడం అయ్యాక కూడా కదలకుండా చూసేదాన్ని. నాన్న పొమ్మని అనలేదు, రమ్మనీ అనలేదు.

మే నెలలో పెళ్ళిళ్ళు ముంచుకొచ్చాయి. గ్యాంగులో సగం మంది ఊళ్ళు పట్టారు. సింహాద్రి బావ స్నేహితుడి పెళ్ళికని అనకాపల్లి పోయాడు. సరిగ్గా అప్పుడే ఆశాజ్యోతి గారి షెడ్డుకి ప్రెస్సు మిషన్ వచ్చింది. ఆవిడది గోదావరి వైపు. భర్త స్టీల్ ప్లాంట్ ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి, తర్వాత సొంతంగా బోల్టులు చేసే షెడ్డు పెట్టుకుంది. నేను క్యారేజీతో వెళ్ళేసరికి మిషన్ గుమ్మంలో అడ్డంగా ఉంది. సముద్రం వైపు నుంచి ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది.

"మేస్త్రి గారూ, ఇది ఇక్కడే ఉండిపోతే తలుపు పడదండి. మోటారు తడిస్తే నా కొంప మునుగుతుందండి" అంటోంది ఆశాజ్యోతి గారు చేతులు నలుపుకుంటూ.

గచ్చు లోపలికి వాలుగా ఉంది. ముందు నుంచి గునపాలతో దారి మళ్ళిస్తుంటే వెనక నుంచి తాళ్ళు పట్టి బరువు పరుగెత్తకుండా ఆపాలి. ఉన్నది నలుగురు. నాన్న చుట్టూ చూశాడు. తుండు నడుముకి బిగించి, ఎడమ మూల గునపం తనే అందుకున్నాడు.

"కేకెవులు?" అన్నాడు గ్యాంగులో పెద్దవాడు సన్యాసిరాజు పెదనాన్న.

"నానే కేకేసి నానే ఎత్తుతాను. తప్పదు కద, కానీండి."

"సెయ్యెట్టినోడు కేకెయ్యకూడదు కద నాన్నా" అన్నాను ఇవతల నుంచి.

 నేను క్యారేజీ కింద పెట్టి తాడు దాటాను.

సన్యాసిరాజు పెదనాన్న చేతిలో తాడు వదిలేశాడు. "నీలకంఠం, నాను పట్టను. ఇదేటి ఇడ్డూరం?"

నాన్న ఒక్క మాట అంటే నేను బయట ఉండేదాన్ని. అనలేదు. గునపం మీద చేతులుంచి, నా వైపు చూడకుండా మిషన్ మూల వైపే చూస్తున్నాడు.  "పెదనాన్నా, ఈ ఒక్కసారికి" అని బతిమాలబోయి ఆ మాట మింగేశాను.

"పెదనాన్నా, నువ్వు పట్టకపోతే ఆ బరువంతా మా నాన్న ఒక్కడి మీదికొత్తాది. నువ్వు ఎడమ తాడు. పట్టు."

ఆయన పక్కకి తిరిగి ఉమ్మి, తాడు పట్టాడు.

కేక వేశాను. మొదటిది కీచుగా వచ్చింది. రెండోది కాస్త నిలబడింది. "హైలెస్సా" అని నలుగురూ అందుకునేసరికి ఆ ఇనప కొండ జానెడు కదిలింది. ఆ కదలిక నా అరికాళ్ళకి తెలిసింది. మళ్ళీ వేశాను. సగం దూరంలో ఒక పైపు ముక్క వంకర తిరిగి సరిగ్గా నా కాలి దగ్గరే అడ్డం పడింది. ఒక్క తోపు తోస్తే సరిపోయేది. నా నడుము దానంతటదే వంగబోయింది, ఇన్నేళ్ళ అలవాటు. చేతులు రెండూ వెనక్కి తీసుకుని ఒకదాన్ని ఇంకోదానితో గట్టిగా పట్టుకున్నాను.

"ఆపండి! దేవీప్రసాద్ బాబాయ్, ఆ పైపు తిన్నగా తిప్పు."

కుడి మూల గునపం దగ్గరున్న ఆయన వంగి తిప్పుతుండగా తలెత్తి చుట్టూ చూశాను. కుడివైపు స్తంభానికి చుట్టిన తాడు మెల్లగా పైకి పాకుతోంది. ఇంకో రెండు లాగులకి ఊడి వచ్చేసేదే. దానికింకో చుట్టు వేయించి, అప్పుడు కేక వేశాను. మిషన్ వెళ్ళి దాని చోట కూర్చుంది. కాసేపటికి వాన మొదలైంది. ఆశాజ్యోతి గారు తలుపు మూసి, "అమ్మాయి గారూ, ముందు మీరు టీ తాగండి" అని మొదటి గ్లాసు నాకే ఇచ్చింది.

నాన్న తుండుతో మెడ తుడుచుకున్నాడు. "గొంతు సాలదు. ఎనకాలున్నోడికి ఇనపళ్ళేదు" అన్నాడు.

"నాకినపడింది" అన్నాడు వెనకాల ఉన్న సన్యాసిరాజు పెదనాన్న, ముఖం అటు తిప్పుకునే.

ఆ తర్వాత, జూన్‌లో బోర్డుకి బయల్దేరేదాకా నేనే కేక వేశాను. గ్యాంగులో ఒకతను ఆడది కేకేసే చోట పని చెయ్యనని మానేశాడు. మంచి పనివాడే. నాన్న ఆపలేదు, నన్నూ ఏమీ అనలేదు. సింహాద్రి బావ మాత్రం నా వెనక చేరి, "ఆపీసరమ్మా, నాలాటోడి కడుపు కొట్టకే" అని ఏడిపించేవాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. ఉప్పునీళ్ళు పుక్కిలించి మర్నాడు మళ్ళీ వెళ్ళేదాన్ని.

రెండోసారి బోర్డులో నేను పలక మోయలేదు. గుంపు వాదించుకుంటుంటే ఒక్క క్షణం విని, ఎవరు ఏది పట్టాలో చెప్పాను. ఒకమ్మాయి మొహం చిట్లించి, "నువ్వు చెప్పేదేంటి?" అంది. "ఇంతకన్నా మంచిది చెప్పు, అదే చేద్దాం" అన్నాను. చెప్పలేదు. పట్టింది.

మూడో రోజు, రెండు డ్రమ్ముల మధ్య పలక కట్టి దాటుతున్నాం. నడుమ ఉన్న కేరళ అమ్మాయికి కాలు జారింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో నేనే ఉన్నాను. అదే సమయానికి పలక చివర ముడి సడలడం నా కంట పడింది. పలక మీద ఇంకో ఇద్దరున్నారు. "కదలకు!" అని అరిచి, వెనకున్న అమ్మాయిని ఆమె నడుము పట్టుకోమన్నాను, ముందున్న అమ్మాయిని ముడి మీద కాలేసి తొక్కమన్నాను. ఇద్దరూ చెప్పింది చేశారు. కేరళ అమ్మాయి నిలదొక్కుకుంది. అందరం దాటాం.

ఆఖరి రోజు పెద్ద గదిలో అర్ధచంద్రాకారంగా ఆఫీసర్లందరూ కూర్చుంటారు. ఒక్కొక్కరినీ పిలిచి రెండు మాటలు అడిగి పంపిస్తారు. మైదానంలో మమ్మల్ని చూసిన ఆఫీసరు నన్ను అడిగాడు.

"ఆ అమ్మాయి జారినప్పుడు దగ్గరున్నది నువ్వు. చెయ్యి చాపలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తప్పనిపిస్తోందా?"

ఇలాంటిచోట తప్పు ఒప్పేసుకోవడమే మంచిదని కోచింగుల్లో చెప్తారు. వినయం కనబడుతుందట. వినయం ఒలకబోసి ఒకసారి ఇంటికి వెళ్ళినదాన్ని నేను.

"లేదు సర్. ముడి సడలడం చూసింది నేనొక్కదాన్నే. నేను ఆమెని పట్టుకుని ఉంటే ముగ్గురూ పడేవారు."

"మళ్ళీ అలా జరిగితే?"

"మళ్ళీ చాపను సర్."

"ఆమె పడిపోయి ఉంటే?"

"ఆ తప్పు నాదే అయ్యేది సర్. అందుకే ముడి మీంచి కళ్ళు తిప్పలేదు."

ఎవరో చిన్నగా దగ్గారు. వెళ్ళొచ్చు అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చేతులారా చెడగొట్టుకున్నాననే అనిపించింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. వాళ్ళకి నచ్చకపోతే బస్సెక్కుతాను. ఈసారి తలెత్తుకుని ఎక్కుతాను.

నంబర్లు చదివారు. మొదట నాలుగు. తర్వాత పదకొండు. నా ఛాతీ మీద ఉన్నది పదకొండు.

ఫోను చేతికి రాగానే నాన్నకి చేశాను. మధ్యాహ్నం, భోజనాల వేళ. గ్యాంగంతా అక్కడే ఉన్నట్టుంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"నాన్నా, వచ్చింది."

 నాన్న పక్కనున్న ఎవరితోనో "వొచ్చిందంట" అన్నాడు, బొత్తిగా తనది కాని గొంతుతో.  ఫోను సన్యాసిరాజు పెదనాన్న లాక్కున్నాడు.

"ఒలే గుంటా, మా బాగుంది. మరి మా సంగతేటి? సోమారం పెద్ద ప్రెస్సుంది. నువ్వెల్లిపోతే కేకెవులేత్తారు? సింహాద్రిగాడు సెయ్యెట్టకుండా ఉండలేడు."

"మా అమ్మ ఏత్తాది" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వితే నాలుగు దులిపేద్దామని సిద్ధంగా కూడా ఉన్నాను. ఆయన నవ్వలేదు. ఫోను కాస్త పక్కకి పెట్టి, "ధనలక్ష్మీ, నీ కూతురు నిన్ను కేకెయ్యమంటంది. ఏత్తావేటి?" అని అరిచి అడిగాడు.

క్యారేజీ తెచ్చిన అమ్మ గొంతు మొదట ఎక్కడో దూరంగా, తాడుకి ఇవతల ఉండే చోటు నుంచి వినిపించింది. తర్వాత ఒక్కో మాటకీ దగ్గరవుతూ వచ్చింది.

"ఏత్తాను. ముందా కుడేపు తాడు ఇప్పి మల్లా కట్టండి. ఎవులు కట్టినారది?"